ఊరంతా ఒకే ఇంటిపేరు



తూర్పు చైనాలో అన్హ్వే అనే రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రానికి దక్షిణపు కొసన, హ్వాంగ్‌షాన్ కొండల దిగువన, హోంగ్‌త్సున్ అని ఒక ఊరు. నాలుగు వందల ఏళ్ల క్రితం ఎవరైనా కొత్త మనిషి ఆ ఊరొచ్చి ‘వాంగ్ గారిల్లెక్కడండీ?’ అని అడిగి ఉంటే జనం నవ్వి ఉండేవాళ్లు. ఆ వీధిలో పెద్దమనుషులంతా వాంగులే. పక్క వీధిలోనూ వాంగులే. చెరువు గట్టున కూర్చున్న ముసలాయన వాంగు, బడికి పోతున్న పిల్లాడు వాంగు, ఇద్దరి మధ్య పొలం తగాదా తీర్చేవాడూ వాంగే. అక్కడికి కొద్ది దూరంలో షీదీ అని ఇంకో ఊరుంది. అక్కడంతా హూ ఇంటిపేరు వాళ్లు. ఈ రెండు ఊళ్లనూ కలిపి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

తెల్లటి గోడలు, నల్లటి పెంకులు, నీళ్లలో వాటి నీడలు... ఫొటోలు చూసి ఎంత అందమైన ఊళ్లో అనుకుంటాం. ఆ అందం సంగతి అలా ఉంచి, ఒక కుటుంబం తొమ్మిది వందల ఏళ్లపాటు ఒక ఊరిని ఎలా నడిపింది, అందుకు ఏ ఏర్పాట్లు చేసుకుంది, ఆ ఏర్పాట్ల బరువు ఎవరు మోశారు అన్నది ఈ పూట చెప్పుకుందాం.

ముందు ఒక తేడా చూడాలి. చైనావాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరవాత చెప్పుకుంటారు. ఒకే గోత్రంలో మనం పిల్లనిచ్చి పుచ్చుకోనట్టే, పాత చైనాలో ఒకే ఇంటిపేరు వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఇంతవరకూ మనకు తెలిసిన పద్ధతే. కానీ మన గోత్రం పది జిల్లాల్లో చెదిరి ఉంటుంది. దానికి పొలం లేదు, ఖజానా లేదు, కచేరీ లేదు. సంకల్పం చెప్పేటప్పుడు, పెళ్లిచూపులప్పుడు తప్ప గుర్తుకు రాదు. దక్షిణ చైనాలో వంశం అంటే అది కాదు. ఒకే మూలపురుషుడి సంతతి ఒకేచోట స్థిరపడి, ఉమ్మడి భూమి పెట్టుకుని, ఉమ్మడి లెక్కలు రాసుకుని, తప్పు చేసినవాడికి శిక్ష కూడా తామే వేసుకునే వ్యవస్థ అది.

ఈ ప్రాంతానికి పాత పేరు హ్వేజౌ. ఆరు తాలూకాల జిల్లా, చుట్టూ కొండలు. ఉత్తరాదిన యుద్ధం వచ్చినప్పుడల్లా అక్కడి కుటుంబాలు దక్షిణానికి పారిపోయి ఈ కొండల మధ్య తలదాచుకున్నాయి. తాంగ్ రాజ్యం చివరి రోజుల తిరుగుబాట్లప్పుడు కొందరు వచ్చారు. 1127లో సోంగ్ రాజధాని శత్రువుల పాలైనప్పుడు మరికొందరు వచ్చారు. ఒంటరిగా వచ్చినవాడు కొత్తచోట బతకలేడు. కుటుంబం కుటుంబమంతా కదిలి వస్తే నిలబడుతుంది. కలిసి ఉండాలన్న పట్టుదల ఇక్కడి వంశాలకు అలా మొదటినుంచీ అవసరంగానే అబ్బింది.

వాంగుల కథ నిప్పుతో మొదలైంది. వాళ్లు మొదట దగ్గర్లోని ఇంకో పల్లెలో ఉండేవారు. అది తగలబడిపోయింది. మిగిలినవాళ్లను వెంటబెట్టుకుని వాంగ్ యెన్‌జీ అనే పెద్ద వాగు వెంట నడిచి, లేగాంగ్ అనే గుట్ట కింద ఆగాడు. 1131లో అక్కడ కొన్ని ఇళ్లు లేచాయి. ఊరు పుట్టిన సంవత్సరంగా వంశం చెప్పుకునేది అదే. కట్టినవన్నీ కొయ్య ఇళ్లు. ఒకసారి కాలి వచ్చినవాళ్లు కాబట్టి నిప్పు భయం వాళ్లను వదల్లేదు. ఊరి ఆకారమంతా ఆ భయంలోంచి వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

నీటి ఏర్పాటుకు మాత్రం ఇంకా మూడు వందల ఏళ్లు పట్టింది. పదిహేనో శతాబ్దం మొదట్లో, మింగ్ వంశపు యోంగ్‌లె చక్రవర్తి కాలంలో, వాంగ్ శిన్ అనే ఆయన ఊరికి పెద్ద. ఆయనకు దూరాన షాన్‌శీ రాష్ట్రంలో ధాన్యం రవాణా చూసే ఉద్యోగం. ఊళ్లో పెత్తనం ఆయన భార్య చేతిలో పడింది. ఆమె పేరు హూ చోంగ్. షీదీ హూ వారి ఆడపడుచని చెబుతారు. చైనాలో పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. అందుకే వాంగుల ఊరికి నీళ్లు తెచ్చిన మనిషి పేరులో వాంగ్ లేదు.

భూమి పోకడ చూసే ఫెంగ్‌షుయ్ పండితుణ్ని వాంగులు పక్క తాలూకా శియూనింగ్ నుంచి పిలిపించారు. ఫెంగ్‌షుయ్ అంటే వాళ్ల వాస్తు. ఆయన కొండలూ వాగులూ తిరిగి చూసి ప్రణాళిక గీశాడు. పడమటి వాగుకు రాతి ఆనకట్ట కట్టారు. అక్కడినుంచి కిలోమీటరు పైచిలుకు పొడవున, అడుగున్నరో రెండడుగులో వెడల్పున, రాతి కాలువ తవ్వి ఊరి సందుల్లోంచి తిప్పారు. కాలువ మెలికలు తిరుగుతూ ఇళ్ల గుమ్మాల ముందునుంచి పోతుంది. కొందరు దాన్ని గోడ కింది నుంచి పెరట్లోకి తీసుకుని చిన్న కొలను కట్టుకున్నారు. ఊరి నడుమ ఒక ఊటబావి ఉన్నచోట తవ్వి అర్ధచంద్రాకారపు చెరువు చేశారు. దాని పేరు చంద్రకోనేరు అనుకుందాం. కాలువ నీళ్లు అందులో చేరి, అక్కడినుంచి దిగువకు సాగుతాయి.

ఆ చెరువును కొందరు పెద్దలు నిండు చందమామలా గుండ్రంగా తవ్వుదామన్నారట. హూ చోంగ్ ఒప్పుకోలేదని ఊళ్లో కథ. నిండిన చంద్రుడికి ఇక తరగడమే మిగులుతుంది, సగం చంద్రుడికి ఇంకా పెరిగే దారి ఉంటుంది అన్నదట. అవునో కాదో గానీ, చెరువు మాత్రం సగం చంద్రుడి ఆకారంలోనే ఉంది. ఆ తరవాత 1607లో ఊరికి దక్షిణాన విల్లు ఆకారంలో పెద్ద చెరువు తవ్వారు. దాన్ని దక్షిణ సరస్సు అంటారు.

ఊరంతా పడుకున్న ఎద్దులా ఉందని చెప్పుకుంటారు. గుట్ట తల. ఊరి మొదట్లో ఉన్న రెండు పెద్ద చెట్లు కొమ్ములు. ఇళ్లు దేహం. కాలువ పేగులు. నడిమి చెరువు పొట్ట. వాగు మీది నాలుగు వంతెనలు కాళ్లు. పోలిక ముచ్చటగా ఉంది కానీ, దాని వెనక ఉన్న పని చూడండి. ఏ ఇంటికి నిప్పంటుకున్నా నీళ్లు దగ్గర్లోనే ఉంటాయి. పైనుంచి కిందికి వాలు తప్పకుండా తవ్వారు కాబట్టి నీళ్లు నిలవ ఉండవు, ఇంటి ముందు మురుగు చేరదు. ఆ కాలువ ఇప్పటికీ పారుతోంది.

ఒకే కాలువ ఇన్ని ఇళ్ల ముందు నుంచి పోతే తగాదాలు రావా? అందుకే కట్టుబాటు ఉండేది. పొద్దున్న ఎనిమిదింటి లోపు తాగే నీళ్లు పట్టుకోవాలి. ఆ తరవాతే కూరగాయలు కడిగినా, బట్టలు ఉతికినా. ఎగువ ఇంటివాడు పొద్దున్నే అంట్లు తోమితే దిగువ ఇంటివాడు ఆ నీళ్లే తాగాలి మరి. ఇద్దరూ ఒకే తాత మనవలు. తాత పేరు చెప్పి ఎగువవాడి చెయ్యి ఆపవచ్చు. వంశం అన్నది ఊరికి ఎలా పనికొచ్చిందో ఈ ఒక్క కట్టుబాటు చాలు చెప్పడానికి.

ఆ కొమ్ముల చెట్ల గురించీ ఒక మాట. పెళ్లి ఊరేగింపు ఒక చెట్టు చుట్టూ తిరిగి పోతుంది. శవయాత్ర రెండో చెట్టు చుట్టూ తిరుగుతుంది. ఆ రెండోది గింకో చెట్టు. ఊళ్లో పుట్టినవాడెవడైనా ఆ రెండు చెట్లనూ దాటవలసిందే.

చంద్రకోనేటి ఒడ్డున, నీళ్లకు ఎదురుగా, లెశూ మందిరం ఉంది. అది వాంగుల పితృమందిరం. ఇలాంటి ప్రతి ఊరికీ గుండెకాయ ఇదే. లోపల పూర్వీకుల పేర్లు రాసిన కొయ్య పలకలు తరాల వరసలో నిలబెట్టేవారు. వసంతంలో, శరత్తులో, శీతాకాలం నడుమ రోజున వంశమంతా చేరి అర్పణలు పెట్టేది. తరవాత నైవేద్యపు పందిమాంసాన్ని కోసి మగవాళ్లందరికీ పంచేవారు. ఎవరికి ఎంత వాటా రావాలో రాసి ఉండేది. వయసుకు ఒక లెక్క, చదువులో గెలిచినవాడికి ఇంకో లెక్క. వాటా అందిందంటే నువ్వు మావాడివి అని అర్థం.

ఆ మావాడి లెక్క ఉండేది వంశావళి పుస్తకంలో. సుమారు ముప్ఫై ఏళ్లకోసారి దాన్ని తిరగరాసి అచ్చువేసేవారు. ప్రతి తరానికీ ఒక అక్షరం ముందే నిర్ణయమై ఉండేది. ఆ తరంలో పుట్టిన మగపిల్లలందరి పేర్లలోనూ అది వచ్చేది. ఎక్కడో వెయ్యి మైళ్ల అవతల ఇద్దరు వాంగులు కలుసుకున్నా, పేర్లు చెప్పుకోగానే ఎవరు బాబాయో ఎవరు కొడుకు వరసో తేలిపోయేది. పుస్తకం ప్రతులకు నంబర్లు వేసి శాఖకొకటి ఇచ్చేవారు. పోగొట్టినా, పరాయివాడికి అమ్మినా తప్పే. దొంగతనమో, ద్రోహమో, వంశానికి తలవంపులు తెచ్చే పనో చేసినవాడి పేరు పుస్తకంలోంచి కొట్టేసేవారు. చచ్చాక వాడి పలక మందిరంలో పెట్టేవారు కాదు. అక్కడి మనిషికి మరణశిక్షతో సమానమైన శిక్ష అది.

ఈ వ్యవస్థ అంతా అనాదిగా ఉన్నదనుకుంటే పొరపాటు. దీనికి తేదీలున్నాయి. 1050 ప్రాంతంలో ఫాన్ జోంగ్‌యెన్ అనే సోంగ్ మంత్రి సుజౌలో వెయ్యి మూ (అక్కడి భూమి కొలత) పైచిలుకు భూమి కొని, తన వంశంలోని వాళ్లందరికీ దాని మీద వచ్చే ధాన్యం పంచాలని నియమాలు రాశాడు. ఉమ్మడి వంశభూమికి అదే నమూనా అయింది. తరవాత జూ శీ అనే తత్త్వవేత్త ఇంటి కర్మకాండలకు ఒక క్రమం ఏర్పరిచాడు. ఆయన పూర్వీకులది హ్వేజౌలోని వూయువాన్ తాలూకా. అందుకే హ్వేజౌ వాళ్లకు ఆయన మాట వేదవాక్కు. అయినా మామూలు జనం తొలి మూలపురుషుడికి మందిరం కట్టి పూజించడానికి చాలాకాలం రాజ్యం ఒప్పుకోలేదు. 1536లో శియా యెన్ అనే మంత్రి చక్రవర్తికి విన్నపం పెట్టాక ఆ కట్టడి సడలింది. ఇక ఊరూరా మందిరాలు లేచాయి. మనం చూసే చైనా వంశగ్రామం చాలావరకూ ఆ తరవాతి నాలుగు వందల ఏళ్లలో రూపు దిద్దుకున్నదే.

ప్రభుత్వానికీ ఇది కలిసొచ్చింది. ఒక తాలూకాకు ఒకే ఒక్క న్యాయాధికారి. లక్షల జనం. పొలం గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకం, అత్తాకోడళ్ల గొడవ... ఇవన్నీ వంశమందిరంలోనే తేలిపోతే ఆయనకు హాయి. 1670లో కాంగ్‌శీ చక్రవర్తి జనం నడవడికి పదహారు సూత్రాలు ప్రకటించాడు. మొదటి సూత్రం తల్లిదండ్రుల పట్ల భక్తి. రెండోది వంశంలో సామరస్యం. శిస్తులు, శాంతిభద్రతలు, పొరుగువారితో మర్యాద అన్నీ ఆ తరవాతే.

మరి ఇంత ఖర్చుకు డబ్బెక్కడిది? హ్వేజౌలో పొలం తక్కువ, కొండ ఎక్కువ. పండిన గింజలు అందరికీ చాలవు. అందుకని మగపిల్లలను పదమూడు, పద్నాలుగేళ్లకే దుకాణాల్లో పని నేర్చుకోవడానికి ఊరు దాటించేవారు. కలప, టీ, తాకట్టు వ్యాపారం, అన్నిటికీ మించి ఉప్పు. ఉప్పు అమ్మకం ప్రభుత్వపు గుత్త. అనుమతి ఉన్నవాడే అమ్మాలి. యాంగ్‌జౌ నగరంలో ఆ అనుమతులు చేజిక్కించుకున్న హ్వేజౌ వర్తకులు చైనాలోకెల్లా పెద్ద ధనవంతులయ్యారు. వాళ్ల గుమాస్తాలు వంశంలోని కుర్రాళ్లే, భాగస్వాములు బాబాయిలే, పెట్టుబడిలో కొంత మందిరం నిధే. డబ్బు తిరిగి ఊరికే వచ్చింది. మందిరానికి పొలాలు రాశారు. ఒక పొలం కౌలు పూజలకు, ఒకదానిది బడికి, ఒకదానిది దిక్కులేని వితంతువులకు. ఆ పొలాలు ఎవడూ అమ్మకూడదు. శాఖలు వంతులవారీగా వాటి లెక్కలు చూసేవి.

హోంగ్‌త్సున్‌లో దక్షిణ సరస్సు ఒడ్డున ఆరు చిన్న బడులుండేవి. 1814లో వాటిని కలిపి ఒకే విద్యాలయం చేశారు. వర్తకుడి కొడుకును పండితుణ్ని చెయ్యాలి, పండితుడు పరీక్ష గెలిచి అధికారి కావాలి, ఆ అధికారి వర్తకులకు అండగా నిలవాలి. చక్రం అలా తిరిగేది.

మగవాళ్లు ఏళ్ల తరబడి ఊళ్లో ఉండేవారు కాదు. ఇళ్లు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. వీధివైపు ఎత్తైన తెల్లగోడ, పైన ఎక్కడో చేతి వెడల్పు కిటికీ. వెలుతురూ గాలీ అంతా ఇంటి నడుమ మండువాలోంచే. నాలుగువైపులా కప్పు లోపలికి వాలి ఉంటుంది, వాన నీళ్లు ఇంట్లోనే పడతాయి. నీళ్లంటే డబ్బు, మన ఇంటి డబ్బు బయటికి పారకూడదు అని వర్తకుల నమ్మకం. గోడల కొసలు కప్పును మించి మెట్లు మెట్లుగా లేచి ఉంటాయి. వాటిని గుర్రపుతల గోడలంటారు. పదహారో శతాబ్దం మొదట్లో హ శిన్ అనే జిల్లా అధికారి, అగ్నిప్రమాదాలు చూసి విసిగి, కొన్ని ఇళ్లకు ఒకటిగా అడ్డుగోడలు కట్టి తీరాలని ఉత్తర్వు వేశాడు. ఒక వరసలో అంటుకున్న నిప్పు రెండో వరసకు పాకకుండా అవి ఆపేవి. ఇప్పుడు కేలెండర్ల మీద అచ్చయ్యే ఆ గోడలు ఒక ఫైర్ ఆఫీసరు ఆలోచన లాంటివి.

ఇంటి లోపలికి పోతే సగం బల్ల కనిపిస్తుంది. గుండ్రటి బల్లను నిలువునా రెండుగా కోసినట్టుండే అర్ధవృత్తపు బల్ల, గోడకు ఆనించి. ఇంటి యజమాని పరదేశంలో ఉన్నంతకాలం ఒక సగమే బయట పెట్టేవారు. ఆయన ఇంటికొచ్చిన రోజున రెండో సగం తెచ్చి కలిపేవారు. వచ్చిన అతిథి బల్ల చూసి, సగమైతే గుమ్మంలోనే పలకరించి పోవాలి. ఆ బల్ల ఎన్ని ఏళ్లు సగంగా ఉండేదో ఆ ఇల్లాలికే తెలియాలి.

ఊళ్లోకెల్లా పెద్ద ఇల్లు చెంగ్‌జీ మందిరం. వాంగ్ తింగ్‌క్వే అనే ఉప్పు వర్తకుడు 1855లో కట్టించాడు. 136 కొయ్య స్తంభాలు, తొమ్మిది మండువాలు, అరవై దాకా గదులు. ఒక దూలం మీద రాజుగారి విందు చెక్కారు. అధికారులు చదరంగం ఆడుతున్నారు, వీణ మీటుతున్నారు, బొమ్మలు చూస్తున్నారు. దగ్గరికి పోయి చూస్తే ఒక కొసన ఒకడు పొయ్యి విసురుతూ టీ కాస్తున్నాడు, ఇంకో కొసన మంగలి ఒక పెద్దమనిషి చెవిలో గుబిలి తీస్తున్నాడు. ఇంకో దూలం మీద వంద మంది పిల్లలు పండగ దీపాలతో గోల చేస్తున్నారు. చెక్కినవాడికి రాజు కంటే ఆ మంగలి మీదే ఎక్కువ మక్కువ ఉన్నట్టుంది. అదే ఇంట్లో పేకాటలాంటి మాజాంగ్ ఆడేందుకు ఒక గది, నల్లమందు పొగ తాగేందుకు ఇంకో గది కూడా ఉన్నాయి. నడవాలో పితృభక్తి, పక్కగదిలో నల్లమందు. పుస్తకంలో రాసుకున్న వంశానికీ ఇంట్లో బతికిన వంశానికీ అంత తేడా.

షీదీ హూ వంశంవాళ్లు తమ మూలపురుషుడు తాంగ్ చక్రవర్తి కొడుకేనంటారు. 904లో రాజవంశం కూలుతున్నప్పుడు పసికందును హూ అనే అధికారి దాచి పెంచాడని వాళ్ల వంశకథ. ఆ సంతతి 1047లో షీదీకి చేరింది. ఊరి మొదట్లో పన్నెండు మీటర్ల ఎత్తు రాతి తోరణం ఉంది. హూ వెన్‌గ్వాంగ్ అనే అధికారి గౌరవార్థం 1578లో కట్టినది. ఒకప్పుడు ఇలాంటి తోరణాలు అక్కడ వరసగా ఉండేవి. ఇప్పుడిదొక్కటే మిగిలింది. నాకు అంతకంటే నచ్చేది సందు మలుపులో ఉన్న ఒక ఇల్లు. 1691లో హూ వెన్‌జావ్ అనే జిల్లా అధికారి కట్టుకున్నాడు. వీధిలోకి పొడుచుకొచ్చే మూలను గోడతో పాటు లోపలికి కోయించి, ఒక అడుగు వెనక్కి తగ్గి ఆలోచించు అనే అర్థం వచ్చే అక్షరాలు అక్కడ చెక్కించాడు. పల్లకీ తిరగడానికి చోటు దొరికింది, పొరుగువాడితో గొడవ తప్పింది. ఒకే ఇంటిపేరు వాళ్లు వందల ఏళ్లు పక్కపక్కన బతకాలంటే ఇలాంటి మూలలు చాలా కోసుకోవాలి.

ఇక ఈ బరువు మోసినవాళ్ల సంగతి. హ్వేజౌ వంశాల చేతికింద వేరే ఇంటిపేర్ల కుటుంబాలు ఉండేవి. వంశం భూమిలో గుడిసె వేసుకుని, వంశం పొలం దున్ని, వంశం శ్మశానంలో పాతిపెట్టుకునే బీదవాళ్లు. బదులుగా పెళ్లిళ్లకు పల్లకీ మోయాలి, చావులకు చాకిరీ చెయ్యాలి, సమాధులకు కాపలా కాయాలి. తరతరాలూ అంతే. 1727లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి ఈ వంశపారంపర్య దాస్యాన్ని రద్దు చేస్తున్నట్టు ఉత్తర్వు ఇచ్చాడు. కానీ వంశాలు ఊరికే వదల్లేదు. చాలాచోట్ల ఆ చాకిరీ ఇంకా ఎన్నో ఏళ్లు నడిచింది.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉండిపోయిన వితంతువుకు రాజ్యం తోరణం కట్టించేది. వంశానికి అది కీర్తి. తాంగ్‌యుయె అనే ఊళ్లో బావ్ వంశంవారి తోరణాలు ఏడు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిలో రెండు వితంతువులవి. అదే ఊళ్లో ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక పితృమందిరం కూడా కట్టారు. మగవాళ్ల మందిరం దక్షిణ ముఖం, ఇది ఉత్తర ముఖం. చైనాలో అలాంటివి బహు అరుదు. షషియెన్ పట్టణంలో 1905లో ఇటుకలతో కట్టిన చివరి తోరణం ఉంది. అప్పటికి రాజ్యానికి డబ్బూ ఓపికా అయిపోయాయి. ఒక్కొక్కరికీ కట్టలేక, జిల్లా మొత్తం మీద లెక్క తీసి 65,078 మంది స్త్రీలకు కలిపి ఆ ఒక్కటే కట్టారు. ఒక్కరి పేరూ లేదు, అంకె ఉంది. ఆ అంకె పక్కన హూ చోంగ్‌ను నిలబెట్టి చూడండి. లెశూ మందిరంలో చూపించే పూర్వీకుల చిత్రపటాల్లో ఆమెదీ ఉంది. ఊరికి నీళ్లు తెస్తే తప్ప ఒక ఆడమనిషికి అక్కడ పేరు దక్కలేదు.

ఈ ఊళ్లు చితికిపోవడం ఉప్పుతోనే మొదలైంది. 1832 నుంచి ఉప్పు గుత్తలను ప్రభుత్వం తెరిచేసింది. పాత వర్తకుల ఆధిపత్యం పోయింది. తరవాత తైపింగ్ తిరుగుబాటు వచ్చి, హ్వేజౌ ఏళ్ల తరబడి రణరంగమైంది. 1860లో ప్రభుత్వ సేనాని జెంగ్ క్వోఫాన్ హ్వేజౌలోని చీమెన్‌లోనే విడిది చేశాడు. ఇక అసలు దెబ్బ 1950 జూన్‌లో వచ్చిన భూసంస్కరణ చట్టం. పితృమందిరాల భూములన్నీ స్వాధీనం చేసుకోవాలని ఆ చట్టం మూడో అధికరణంలోనే రాశారు. భూమి పోగానే బడికి నిధి లేదు, వితంతువుకు ధాన్యం లేదు, పూజకు మాంసం లేదు. మందిరాలు ధాన్యపు కొట్లయ్యాయి, బడులయ్యాయి. 1966 తరవాత సాంస్కృతిక విప్లవంలో వంశావళి పుస్తకాలు తగలబెట్టారు, పలకలు విరగ్గొట్టారు.

అయితే జనం కదల్లేదు. డబ్బు లేక పాత ఇళ్లను పడగొట్టి కొత్తవి కట్టుకోలేకపోయారు. ఆ పేదరికమే ఊళ్లను కాపాడింది. 1980ల నడుమ షీదీకి టికెట్టు కొని చూసే జనం రావడం మొదలైంది. 1997లో హోంగ్‌త్సున్ పర్యాటక నిర్వహణను ముప్ఫై ఏళ్లకు బయటి సంస్థకు కౌలుకిచ్చారు. 2000లో ఆంగ్ లీ తీసిన ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ సినిమాలో ఆ చెరువులు కనిపించాక ప్రపంచమంతా ఎగబడింది. దాంతో పాత ప్రశ్న కొత్తగా లేచింది. టికెట్టు డబ్బులో ఊరివాళ్ల వాటా ఎంత? ఒకప్పుడు పందిమాంసం పంచిన లెక్క మందిరంలో రాసి ఉండేది. ఇప్పుడా లెక్క మీద ఊరివాళ్లకూ నిర్వాహకులకూ ఏళ్ల తరబడి పేచీ నడిచింది. మరోవైపు 1980ల నుంచీ చైనాలో వంశావళులు మళ్లీ అచ్చవుతున్నాయి. చాలా వాటిలో ఇప్పుడు కూతుళ్ల పేర్లూ ఎక్కుతున్నాయి.

శ్రోతలారా, వంశగ్రామం నాలుగు పనులు చేసింది. నీళ్లు వంతుల ప్రకారం పంచింది. పేదపిల్లాడికి చదువు చెప్పించింది. తగాదా తీర్చింది. దిక్కులేని ముసలివాళ్లకు అన్నం పెట్టింది. అయితే ప్రతిదానికీ ముందు నువ్వు మావాడివేనా అని అడిగింది. అవునన్నవాడు బతికాడు, కానివాడు పల్లకీ మోశాడు. ఈనాడు అవే నాలుగు పనులకు పంచాయతీ ఉంది, ప్రభుత్వ బడి ఉంది, కోర్టు ఉంది, పింఛను ఉంది. వీటి గొప్పతనమల్లా ఇంటిపేరు అడగకపోవడమే. అవి సరిగ్గా పనిచెయ్యని చోట మనిషి మళ్లీ తనవాళ్లు ఎవరా అని వెతుక్కుంటాడు, చైనాలోనైనా ఎక్కడైనా. హోంగ్‌త్సున్ కాలువను మెచ్చుకుందాం, దాన్ని తవ్వించిన హూ చోంగ్‌ను మెచ్చుకుందాం. కానీ ఆ నీళ్లు ఇంటిపేరుతో పని లేకుండా అందరికీ అందేలా చూసుకోవడం మాత్రం ఇప్పటివాళ్ల వంతు.